లేత రంగు దగ్గర ఆగిన ఎండాకాలం

ఈ మధ్య మా పాత కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరర్ ఒకమ్మాయి నన్ను చూడడానికి వచ్చింది. డిగ్రీ సైన్సులో చేరబోయే పిల్లలకు ఎండాకాలంలో ముందస్తు క్లాసులు పెడుతున్నామని ఉత్సాహంగా చెప్పింది. బ్యానరు కట్టారట, ప్రారంభోత్సవం చేశారట, పిల్లలకు సంచులూ నీళ్ల సీసాలూ పంచారట. "మీ రోజుల్లో ఇలాంటివి ఉండేవి కావేమో కదా మేడం?" అని జాలిగా అడిగింది. నాకు ముక్కు మీద కోపం. రిటైరై ఇన్నేళ్లయింది కానీ చింత చచ్చినా పులుపు చావలేదు. "కూర్చో, చాయ్ తాగు, చెబుతాను" అన్నాను. ఆమెకు చెప్పిందే ఇప్పుడు మీ కోసం రాస్తున్నాను. మీరు ఓపిక ఉన్నవాళ్లు. పనికొచ్చేది తీసుకోండి, మిగతాది ముసలావిడ చాదస్తం అనుకోండి.

డెబ్బైల చివరి సంగతి ఇది. వరంగల్‌లో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో నేను కెమిస్ట్రీ చెప్పేదాన్ని. జూన్, జూలైలలో బీఎస్సీ మొదటి సంవత్సరం క్లాసు కిటకిటలాడేది. బతుకమ్మ సెలవులకు ఇళ్లకు వెళ్లిన పిల్లల్లో చాలామంది మళ్లీ వచ్చేవారు కాదు. ముఖ్యంగా ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. స్టాఫ్ రూములో మేం దాని గురించి పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. "పెళ్లి కుదిరి ఉంటుంది" అనుకుని ఊరుకునేవాళ్లం. ఒకరోజు హనుమకొండ బస్టాండులో అలా మానేసిన పిల్ల ఒకతె ఎదురుపడింది. మెడలో పుస్తెలు లేవు. మరెందుకు మానేశావని అడిగితే, తల వంచుకుని "క్లాసుల ఏం జెప్తాన్రో సమజ్ కాలే మేడం. ఊకె కూసునుడు ఎందుకని బంద్ జేసిన" అంది.

ఆ మాట నన్ను పట్టుకుంది. ఇంటర్ దాకా తెలుగులో చదివి, బ్యూరెట్‌ను పుస్తకంలో బొమ్మగా తప్ప చూడని పిల్లను తెచ్చి ఇంగ్లీషు లెక్చర్ల ముందు కూర్చోబెట్టి, తర్వాత మానేసిందని ఆశ్చర్యపోవడంలో అర్థమేముంది? ఎండాకాలంలో ఒక నెల ముందుగా పిలిచి నేర్పితే ఎలా ఉంటుందని ప్రిన్సిపాల్ మేడంను అడిగాను. ఆమె హైదరాబాదు మనిషి. ఖచ్చితమైన మనిషి, అన్యాయం చేసే మనిషి కాదు. కానీ ముందు కాదనడం ఆమెకు అలవాటు.

"మే నెల ఎండలో పిల్లలకు వడదెబ్బ తగిలితే జవాబుదారీ ఎవరిది?" అన్నారు.

"నాదే మేడం" అన్నాను.

ఆమె ఒక షరతు పెట్టారు. మార్కుల అంచు మీద ఉన్న పిల్లలు కొందరు ఉన్నారు. మామూలుగా అయితే వాళ్లను బీఏకు పంపేవారు. వాళ్లనే తీసుకోమన్నారు. నెలాఖరున బయటి కాలేజీ నుంచి పరీక్షకుణ్ణి పిలిపిస్తానన్నారు. ఆయన బాగుందన్న పిల్లకు సైన్సు సీటు, బాగా లేదన్న పిల్లకు ఆర్ట్స్. "ఆ తర్వాత నా దగ్గరికి సిఫారసుకు రావద్దు" అని కూడా అన్నారు. నేను సరేనన్నాను. సరే అనడం తేలిక.

నాకు తోడు లెక్కల మేడం వచ్చారు. ఆమెది కృష్ణా జిల్లా. భర్తకు ఇక్కడ ఉద్యోగమై వచ్చి, ఎండలను తిడుతూనే ఇక్కడ స్థిరపడ్డారు. మా ఇద్దరికీ రోజూ ఏదో ఒక వాదన. ఒకరిని వదిలి ఒకరం టీ తాగేవాళ్లం కాదు. మొదటి రోజే నేను బోర్డు నిండా ఇంగ్లీషు డెఫినిషన్లు రాస్తుంటే ఆమె వెనక బెంచీలో కూర్చుని విన్నారు. క్లాసయ్యాక మెల్లగా అన్నారు.

"ఏమండీ, ముందు పిల్లలకి సంగతి తెలియనివ్వండి. పేరు తర్వాత పెట్టుకోవచ్చు. బిడ్డ పుట్టకముందే బారసాల చేస్తారా ఎవరైనా?"

ఒళ్లు మండింది కానీ మాట నిజం. మర్నాటి నుంచి ముందు ల్యాబు, తర్వాత బోర్డు. మూడో మనిషి మా ల్యాబ్ అటెండర్, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దాయన. గాజు సామాను ఆయనకు కన్నబిడ్డలతో సమానం. ఒక్కో బ్యూరెట్ చేతికిచ్చేటప్పుడు, "బిడ్డా, ఇది ఇత్తడి చెంబు కాదు. జర పైలం" అని చెప్పి కానీ వదిలేవాడు కాదు. పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించేవాళ్లం. రఘునాథపల్లి పిల్లలు తొలి బస్సుకు సద్ది కట్టుకుని వచ్చేవాళ్లు. మడికొండ పిల్లలు దారిలో అదే బస్సు ఎక్కేవాళ్లు. కరెంటు పోతే అట్టముక్కలతో విసురుకుంటూ పని చేసేవాళ్లు. ఎవరికీ వడదెబ్బ తగల్లేదు. నాకే ఒకరోజు తల తిరిగింది, ఎవరికీ చెప్పలేదు.

ఆ పిల్లల్లో ఒకతె కొత్తవాడ నుంచి వచ్చేది. వాళ్ల నాయన జంపఖానాలు నేసేవాడు. తల్లి ఆ నూలుకు ఇంట్లోనే రంగులు వేసేది. పిల్ల గోళ్ల చుట్టూ ఎప్పుడూ ఎరుపో నీలమో మిగిలి ఉండేది. ఒక వారం గడిచాక ఒకరోజు తల్లి కూడా వెంట వచ్చింది. నన్ను పక్కకు పిలిచి, దాచిపెట్టకుండా చెప్పింది.

"మేడం, ఈమెకు సైన్సు సీటొస్తె సదివిస్తం. మా గల్లిల ఒకామె సైన్సు సదివి దవాఖాన ల్యాబుల పని చేస్తాంది. గది చూసి ఈమె నాయిన ఒప్పుకున్నడు. రాకుంటె మాత్రం మగ్గం మీద కూసోవాల్సిందే. ఆయన మాట ఒకటే ఉంటది."

"బీఏ చదివినా ఉద్యోగాలుంటయమ్మా" అన్నాను.

"ఉంటయేమో మేడం. మేం జూడలే."

పిల్ల తల ఎత్తకుండా వింటోంది. అప్పటికే నాకు ఆమె మీద గురి కుదిరింది. పిపెట్ గొట్టం మీద పెట్టిన వేలు వణికేది కాదు. ఒకసారి చెబితే రెండోసారి అడిగేది కాదు. అలాంటి పిల్ల తప్పకుండా గట్టెక్కుతుందని తల్లికి ధైర్యం చెప్పి పంపాను.

నెలాఖరు పరీక్షకు మేం ఎంచుకున్న ప్రయోగం టైట్రేషన్. సైన్సు చదవని వాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. గాజు ఫ్లాస్కులో ఆమ్లం ఉంటుంది, నీళ్లలా రంగు లేకుండా. అందులో ఫినాఫ్తలీన్ అనే మందు రెండు చుక్కలు వేస్తాం. పైన బ్యూరెట్ అనే పొడుగాటి గొట్టంలో క్షారం ఉంటుంది. కింద కుళాయి తిప్పుతూ చుక్కచుక్కగా వదలాలి. ఒక్క చుక్క దగ్గర ఫ్లాస్కులో సన్నగా, ఉందా లేదా అన్నట్టు గులాబీ రంగు వస్తుంది. అక్కడే ఆపాలి. ఇంకో రెండు చుక్కలు పడ్డాయా, రంగు ముదిరిపోతుంది, లెక్క తప్పుతుంది. ఇంతే విద్య.

కొత్తవాడ పిల్ల అన్నీ సరిగ్గా చేసి, చివరికి వచ్చేసరికి ఆపేది కాదు. ఫ్లాస్కులో లేత గులాబీ వస్తుంది, ఆమె చూస్తూనే ఉంటుంది, కుళాయి తిరుగుతూనే ఉంటుంది. రాణి రంగు వచ్చాక తృప్తిగా ఆపేది. చూడడానికి భలే అందంగా ఉండేది ఆ ఫ్లాస్కు. చుట్టూ పిల్లలు చేరి "అబ్బ, ఎంత మంచిగున్నదే!" అనేవాళ్లు. లెక్క మాత్రం ఎప్పుడూ ఎక్కువే వచ్చేది.

"ఏం పిల్లవే నువ్వు? రంగు రాంగనే ఆపమంటె ఆపవేంది?" అని అరిచాను ఒకరోజు.

"ఇంక పట్టలే కద మేడం" అంది.

"ఏం పట్టలే?"

"రంగు."

నాకు అర్థం కాలేదు. మొండితనం అనుకున్నాను. మళ్లీ చెప్పాను, బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను, నేనే చేసి చూపించాను. తల ఊపేది. మళ్లీ చేతికిస్తే మళ్లీ రాణి రంగే. ఆ పిల్ల రీడింగులతో గీసిన గ్రాఫు చూసి లెక్కల మేడం నవ్వేవారు. "అన్ని పాయింట్లూ ఒకే ఎత్తున తప్పండీ. తప్పులో కూడా ఎంత క్రమశిక్షణో!" అనేవారు.

పరీక్షకు వారం ఉందనగా ఆ పిల్ల రాలేదు. మర్నాడూ రాలేదు. లెక్కల మేడంనూ వెంటబెట్టుకుని, రిక్షా మాట్లాడుకుని కొత్తవాడ పోయాను.

ఇంటి ముందు వాకిట్లో పెద్ద గంగాళం కింద పొయ్యి మండుతోంది. తల్లి నూలు కట్టలను, వాళ్ల మాటలో చిలపలను, కర్రకు తగిలించి రంగులో ముంచుతోంది, పిల్ల రెండో కొస పట్టుకుంది. దుమ్ములో నిలబడ్డ మమ్మల్ని చూసి పిల్ల బిత్తరపోయింది. జంపఖానాలు కొనే సేటు తొందర పెట్టాడట, ఆ హడావిడిలో పిల్లను రెండు రోజులు ఆపుకున్నారట. తల్లి మాట్లాడుతూనే చిలపను పైకెత్తింది, ఎండకు పట్టి చూసింది. నా కంటికి చక్కటి ఎరుపే. ఆమె పెదవి విరిచి, "ఇంక పట్టలే" అని మళ్లీ ముంచింది.

లెక్కల మేడం నా మోచేతిని పొడిచారు. పొడవక్కర్లేదు, నాకూ అర్థమైంది.

ఇంట్లోంచి తండ్రి వచ్చి, "కూసోండ్రి మేడం" అని మడత మంచం వాల్చాడు. లేత రంగు వస్తే ఏం చేస్తారని అడిగాను. ఆయన నవ్వాడు. "లేత రంగా? మా ఇండ్లల్ల అది తిట్టు కింద లెక్క మేడం. ఒక్క ఉతుకుకు పోతది. సేటు మొకం మీద కొడ్తడు. కండ్లు తెరిసిన కాంచి ఈ పోరికి అదే నేర్పినం. పట్టిందాంక ముంచాలె, ముంచాలె."

అదీ సంగతి. పుట్టిన దగ్గర నుంచి ఆ పిల్ల చేతికి ఒకటే తెలుసు. సగం రంగు దగ్గర ఆగడం అంటే పని చెడగొట్టడం. నేనేమో సగం కూడా కాదు, రంగు వచ్చీ రాకముందే ఆగమంటున్నాను. ఇన్ని రోజులు నేను అరిచిన అరుపులన్నీ గాలికి పోయాయి.

లోపల మగ్గం చూపించాడు తండ్రి. గది నిండా పరుచుకుని ఉంది. వెడల్పు జంపఖానా ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే కానీ నేయలేరు. ఒకరి చేయి రెండో అంచు దాకా అందదు. ఒక పక్క ఆయన కూర్చునే చోటు నున్నగా అరిగి ఉంది. రెండో పక్క ఖాళీ.

"ఇన్నేండ్లు నేను, మా పెద్దబిడ్డ నేసినం. అది అత్తగారింటికి పోయింది. సైన్సు సీటొస్తె ఈమెను కాలేజికి పంపుత మేడం, మాటంటె మాటనే. రాకుంటె గీ పక్క జాగ ఖాళీ ఉన్నది" అన్నాడు. బెదిరింపు లేదు గొంతులో. ఉన్న విషయం చెప్పాడు. అందుకే నాకు ఇంకా భయం వేసింది.

తప్పు ఎక్కడుందో తెలిసింది కదా, ఇక సులువే అనుకున్నాను. మర్నాడు పిల్లను కూర్చోబెట్టి, అమ్మ చేసే పని వేరు, ఇది వేరు అని విడమరిచి చెప్పాను. ఆమెకు నవ్వొచ్చింది, "నిజమే మేడం, నేను గట్లనే చేస్తాన" అంది. చేయి మాత్రం వినలేదు. ఎక్కువ పోస్తానేమో అన్న భయంతో ఈసారి రంగు రాకముందే ఆపడం మొదలుపెట్టింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

దారి చూపించింది లెక్కల మేడమే. "ఆ అమ్మాయికి రెండు పనులు ఒకేసారి వద్దండి. చూడ్డం తనని చెయ్యనివ్వండి, తిప్పడం ఇంకోళ్లని చెయ్యనివ్వండి" అన్నారు. రఘునాథపల్లి పిల్లల్లో ఒకతెను కుళాయి దగ్గర నిలబెట్టి, కొత్తవాడ పిల్లను ఫ్లాస్కు ముందు కూర్చోబెట్టాను. "నీకు అనుమానం రాంగనే చెప్పు. రంగు పట్టిందా అని కాదు. వచ్చిందా లేదా అని అనుమానం రావాలె. గప్పుడే 'ఆపు' అనాలె" అన్నాను.

పిల్ల ఫ్లాస్కు వైపు చూస్తూ కూర్చుంది. రంగు ముంచేటప్పుడు తల్లికి మాట అందించే అలవాటే కావచ్చు, ఒక క్షణంలో గట్టిగా "ఆపు!" అంది. రఘునాథపల్లి పిల్ల ఉలిక్కిపడి ఆపింది. తెల్ల పలక మీద ఫ్లాస్కు పెట్టి చూశాం. లేత గులాబీ, అచ్చంగా పుస్తకంలో చెప్పినట్టు. లెక్క సరిపోయింది. మళ్లీ చేశారు, మళ్లీ సరిపోయింది. ఆ రోజు అటెండర్ కూడా వచ్చి చూసి, "ఇగ దారిల పడ్డది" అన్నాడు.

కానీ పరీక్షలో పక్కన ఎవరూ ఉండరు కదా. చివరి రోజుల్లో ఒక్కతే చేసేటప్పుడు ఆ పిల్ల తనకు తానే "ఆపు" అని పైకి అనుకోవడం నేర్చుకుంది. నోటితో అంటే చేయి ఆగేది, మనసులో అనుకుంటే ఆగేది కాదు. నేను పట్టించుకోలేదు. ఎలాగో ఆగుతోంది కదా, గుడ్డికన్న మెల్ల నయం అనుకున్నాను.

పరీక్ష రోజు వచ్చింది. పరీక్షకుడు మందపాటి కళ్లద్దాల పెద్దాయన, ఇంకో కాలేజీలో సీనియర్ లెక్చరర్. మంచి పేరున్న మనిషి, కఠినుడనీ పేరుంది. రాగానే "ల్యాబులో ఒక్క మాట వినపడకూడదు" అన్నారు. కొత్తవాడ పిల్ల నా వైపు చూసింది. ప్రిన్సిపాల్ మేడం గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్నారు, నేను నోరు విప్పే వీలు లేదు.

పిల్లలు పని మొదలుపెట్టారు. ఇంతలో కిటికీ పక్క బల్ల దగ్గర నుంచి "ఆపు" అని సన్నగా వినపడింది.

పరీక్షకుడు చరచరా వెళ్లారు. "ఎవరికి చెబుతున్నావు?"

"నాకే సార్."

"నీకు నువ్వు చెప్పుకుంటావా?"

"అవ్ సార్."

ఆయన నమ్మలేదు. పక్క పిల్లకు సైగ చేస్తోందనుకున్నారు. ఆమె చేసిందంతా పారబోయించి, ఎవరూ లేని చివరి బల్ల దగ్గరికి తీసుకెళ్లి, తన కళ్ల ముందే మొదటి నుంచి చేయమన్నారు. "నోరు విప్పితే పంపించేస్తాను" అన్నారు.

పిల్ల మళ్లీ కడిగింది, కొలిచింది, కుళాయి తిప్పింది. పెదవులు బిగించి ఉన్నాయి. ఆ లేత రంగు రావడం అంత దూరం నుంచి నాకు కనపడలేదు కానీ, దాటిపోవడం మాత్రం కనపడింది. రాణి రంగు. లెక్కల మేడం కళ్లు మూసుకున్నారు. నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ క్షణంలో నాకు కనిపించింది ఫ్లాస్కు కాదు, కొత్తవాడలో మగ్గానికి రెండో పక్కనున్న ఆ ఖాళీ.

పరీక్షకుడు రీడింగు రాసుకోబోయారు. పిల్ల అడ్డు చెప్పింది.

"ఇది రాయకుండ్రి సార్. తప్పైంది. దాటిపోయింది."

"వచ్చింది వచ్చినట్టు రాయాలి."

"తప్పని తెలిసినంక ఎట్ల రాస్త సార్? మల్ల చేస్త." ఆమె ఫ్లాస్కు తీసుకెళ్లి సింకులో పారబోసింది. ఆయన్ను అడగలేదు.

ప్రిన్సిపాల్ మేడం కుర్చీలో ముందుకు వంగారు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "ఎందుకు దాటిపోయింది?" అని అడిగారు, మామూలు గొంతుతో.

"నోటితోటి అంటెనే నా చెయ్యి ఆగుతది సార్."

"అయితే అనుకో" అన్నారాయన.

మూడోసారి చేసింది. ఫ్లాస్కు తిప్పుతూ, చూస్తూ, చూస్తూ, "ఆపు" అంది. ల్యాబంతా విన్నాం. చేయి ఆగింది. ఆయన ఫ్లాస్కు ఎత్తి చూశారు, వెలుతురుకు పట్టి చూశారు. "ఇందులో రంగేదమ్మా? నాకు కనపడడం లేదు."

"తెల్ల పలక మీద పెట్టుండ్రి సార్."

పెట్టారు. వంగి చూశారు. ఆ సన్నటి గులాబీ కనపడింది కాబోలు, తల ఊపారు. ఆయన చూస్తుండగానే అది ఇంకా పలచబడి, మెల్లగా మాయమైంది. గాలి తగిలితే అలా పోవడం మామూలే. కానీ పిల్లను పరీక్షించడానికి ఆయన, "పోయింది చూడు. ఇప్పుడేమంటావు?" అన్నారు.

పిల్ల తొణకలేదు. "జరసేపు నిలిస్తె సాలు సార్, పోనీయుండ్రి. మా ఇంట్ల పోయే రంగు తప్పు. ఈడ పోయే రంగే కరెక్టు."

ఆయన నవ్వారు. రంగుల సంగతి ఏంటని అడిగి చెప్పించుకున్నారు. ఆ పెద్దాయన అలా నవ్వగా చూసినవాళ్లు ఎవరూ లేరని తర్వాత వాళ్ల కాలేజీ వాళ్లు చెప్పారు. పోతూ పోతూ ప్రిన్సిపాల్ మేడంతో, "తన తప్పును తానే పారబోసుకునే పిల్ల మా ఎమ్మెస్సీ వాళ్లలో కూడా అరుదు" అన్నారు. మేడం నా వైపు చూసి, "వచ్చే ఎండాకాలం కూడా పెట్టుకోండి" అన్నారు. అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఆమె నోట ఎప్పుడూ రాలేదు. ఎనభైల మధ్య దాకా, నాకు బదిలీ అయ్యేదాకా, ఆ క్లాసులు ఏటా పెట్టాం. బ్యానరు లేదు, సంచులు లేవు. అట్టముక్కలు, అటెండర్ కేకలు ఉన్నాయి. బతుకమ్మ తర్వాత ఖాళీ అయ్యే బెంచీలు కాస్త తగ్గాయి. అన్నీ నిండలేదు, అబద్ధం చెప్పను.

కొత్తవాడ పిల్ల బీఎస్సీ పూర్తి చేసింది. దవాఖాన ల్యాబులో చేరింది. మా ఆయనకు రక్తపరీక్ష కోసం పోతే తనే వచ్చి సూది గుచ్చింది. పక్కన కొత్తగా చేరిన పిల్లలకు పైకి వినపడేలా ఏదో చెబుతూ పని చేస్తోంది. నాకు చాలా సంతోషం వేసింది. కానీ ఆ ఎండాకాలంలో నాకు అన్నిటికన్నా గుర్తుండిపోయింది సీట్లు ప్రకటించిన తర్వాతి రోజు.

ఆ రోజు సీట్లొచ్చిన పిల్లలంతా చేరడానికి వచ్చారు, ఆమె రాలేదు. మధ్యాహ్నం దాకా చూశాను. తండ్రి మాట మార్చాడని నాకు నమ్మకం కుదిరిపోయింది. నా కోపం మీకు తెలిసిందే. లెక్కల మేడంను లాక్కుని రిక్షా ఎక్కాను. దారి పొడుగునా ఆయన్ను ఏమనాలో పాఠంలా చెప్పుకున్నాను. మాటంటే మాట అన్నవు కద, ఇప్పుడేమైందని అడగాలి. బిడ్డ చేతిని మగ్గానికి కట్టేస్తవా అనాలి. "మీరు కొంచెం నిదానంగా మాట్లాడండీ" అని లెక్కల మేడం నా చేయి పట్టుకునే ఉన్నారు.

వాకిట్లోకి అడుగు పెట్టేసరికి మగ్గం గదిలో లేదు. దాన్ని విప్పి బయట పడేశారు. దాని పొడవాటి కర్ర ఒకటి రెండు రాళ్ల మీద పెట్టి, తండ్రి రంపంతో కోస్తున్నాడు. పిల్ల ఒక కొస మీద మోకాలు ఆనించి కదలకుండా పట్టుకుంది. వాకిలంతా రంపపు పొట్టు. మమ్మల్ని చూసి ఆయన రంపం ఆపి, చెమట తుడుచుకున్నాడు.

"ఏం చేస్తున్నవు?" అన్నాను.

"ఇగ నేనొక్కన్నే కద మేడం నేసుడు. ఒక్కని చేతులకు ఎంత అందుతదో అంత వెడల్పే ఉండాలె. చిన్నయే నేస్త." ఇంకో పక్క కర్ర వైపు చూపించాడు. "గా కర్ర గూడ కోసినంక బిడ్డను తోల్కొస్త అనుకున్న. ఇయ్యాల్టితోటి గడువు అయిపోతదా ఏంది?"

"అయిపోదు. రేపు తీసుకురా" అన్నాను.

"మంచిది" అని మళ్లీ రంపం అందుకున్నాడు. కర్ర రెండో కొస ఊగుతోంది, కోత వంకరపోతోంది. రిక్షాలో నేర్చుకున్న మాటల్లో ఒక్కటీ ఇక్కడ పనికిరాదు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, రంపపు పొట్టులో కూర్చుని, ఆ రెండో కొస నేను పట్టుకున్నాను.